అనసూయమ్మ కోడి పంచాయితీ

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే మంచిది, లేకపోతే ఎల్లారెడ్డి వైపు ఎవరో ఒకరు చెప్పనే చెబుతారు. పేరు నిహారిక. కామారెడ్డిలో పొద్దున్నే బస్సెక్కి, ఎల్లారెడ్డిలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్లే వ్యవసాయ విస్తరణాధికారిని. చెప్పుకోవడానికి పెద్ద ఉద్యోగంలాగే ఉంటుంది గానీ, సీజన్‌లో నేను చేసే పని ఒక్కటే. రైతు తెచ్చిన గుప్పెడు వడ్లు మిషన్‌లో పోసి, తేమ ఎంతుందో అంకె చదవడం. పదిహేడు లోపు ఉంటే కాంటా, అంటే తూకం. దాటితే మళ్లీ ఎండబెట్టుకోవాలి. అంకె చెప్పేది మిషన్, తిట్లు తినేది నేను.

ఊరి పేరు చెప్పను. అందరూ బతికే ఉన్నారు, అందరి దగ్గరా ఫోన్లున్నాయి.

నేను చెప్పబోయేది అనసూయమ్మ గురించి. ఆ కేంద్రాన్ని నడిపే మహిళా సంఘానికి ఆమె లీడరు. యాభై రెండేళ్ల మనిషి, నా భుజం దాకా వస్తుంది. ఐదో తరగతి చదివింది, ఆ తర్వాత చదువే తనను చూసి పారిపోయిందని చెబుతుంది. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే దారం కట్టింది. ఆ దారం చెవికి తగిలించుకుని టోకెన్ల బుక్కు చదువుతుంది. ఎవరి వడ్లు ఎప్పుడు కాంటా మీదికి ఎక్కాలో ఆ బుక్కులోని వరుసే చెబుతుంది. కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ, నీలం రంగు ప్లాస్టిక్‌ది, ఆమెది. నేను ఆఫీసర్ని కాబట్టి నాకు స్టూలు.

వడ్లు తెచ్చిన రైతు ఇంట్లో ఎంత మంచివాడైనా కానివ్వండి, కేంద్రంలో వేరే మనిషి. కోత మిషన్ వాడి వెనక తిరిగి, ట్రాక్టరు దొరకక, ఎలాగో తెచ్చి పోసి, కుప్ప పక్కనే పడుకుని, మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ పట్టుకుని పరుగెత్తి ఉంటాడు. లారీ ఎప్పుడొస్తుందో లారీకే తెలియదు. అలాంటివాడి ముందు నిలబడి నేను "పద్దెనిమిదిన్నర" అంటాను. మీరైనా ఊరుకోరు.

నేను చేరిన మూడో రోజే భీమ్‌సింగ్ ఊరుకోలేదు. దగ్గరి తండా రైతు, ఆరడుగుల మనిషి. మిషన్ పంతొమ్మిది చూపించింది.

"ఇంటికాడ చూసుకున్న మేడం. పదహారే ఉన్నది" అన్నాడు.

"ఇంటి దగ్గర మిషన్ ఎక్కడిది?"

"పండ్ల కింద కొరికి చూసిన."

"అయితే రసీదు కూడా మీ పండ్లనే ఇవ్వమనండి" అన్నాను. నా నోరు అంతే. భీమ్‌సింగ్ వడ్లు తిప్పే కట్టె చేతికి తీసుకున్నాడు. కట్టె పైకి లేచింది.

అప్పుడు వెనక నుంచి ఏడుపు. కేంద్రంలో ఊడ్చి, చేటతో తాలు చెరిగే యాదవ్వ, అనసూయమ్మ కొంగు పట్టుకుని గుంజుతూ వస్తోంది. "నా కోడిపిల్లలు నాకియ్యి. పేదదాన్ని చేసి తింటున్నవ్ నువ్వు." అనసూయమ్మ ఆమెను తోస్తోంది. ఆ తోపులాట తోపులాటగానే వచ్చి సరిగ్గా నాకూ భీమ్‌సింగ్‌కూ మధ్య ఆగింది.

"భీమ్‌సింగన్నా, మంచిగ దొరికినవ్. పెద్దమనిషివి, నువ్వే చెప్పు" అంది అనసూయమ్మ. "దీని కోడి వచ్చి మా గడ్డివాముల పదకొండు గుడ్లు పెట్టి పొదిగింది. ఎనిమిది పిల్లలైనయ్. నూకలు నేనేసిన, పిల్లి రాకుంట నేను చూసిన. ఇప్పుడొచ్చి పిల్లలన్ని నావే అంటది. ఇది న్యాయమేనా?"

భీమ్‌సింగ్ ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి యాదవ్వను చూశాడు. "కోడి ఎవలది?" అన్నాడు.

"నాదే అన్నా" అంది యాదవ్వ ముక్కు చీదుతూ.

"వాము?"

"మాది" అంది అనసూయమ్మ.

"ఆగుండ్రి. ఒక్కొక్కలు మాట్లాడుండ్రి."

నీలం కుర్చీ వచ్చింది. "కట్టె గిటియ్యన్నా. తీర్పు చెప్పేటోళ్ల చేతిల కట్టె మంచిగుండదు" అంది అనసూయమ్మ. అతను ఇచ్చేశాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, కూర్చుని, చాయ్ తాగి, నూకలు ఎన్ని వేశావు, పిల్లి ఎవరిది అని అరగంట విచారించాడు. చెరి నాలుగు పిల్లలు అని తీర్పు తెంపాడు. ఇద్దరూ దండం పెట్టారు. అతను లేచి నా దగ్గరికి వచ్చి, "మేడం, ఇంకెన్ని దినాలు ఎండాలె?" అని అడిగాడు, ఎంతో మర్యాదగా. రెండు రోజులన్నాను. సరేనని పోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అతని మీద కాదు, ఆ ఇద్దరి మీద. పిలిచి చెడామడా తిట్టాను. డ్యూటీలో కోళ్ల గొడవలేమిటి, రేపటికల్లా ఆ పిల్లల్ని పంచుకుని నాకు చెప్పాలి అన్నాను. యాదవ్వ అనసూయమ్మను చూసింది. ఇద్దరూ నోట్లో కొంగు కుక్కుకున్నారు.

"మేడం, గా కోడి సచ్చి ఏడేండ్లాయె" అంది యాదవ్వ. "మా అల్లుడొస్తే కోసిన."

అలా తెలిసింది నాకు. ఆ కోడి తగాదా వాళ్ల సామాను. బయట ఎండకు గొడుగు ఉంచుకున్నట్టు, ఎవరి చెయ్యి లేస్తుందోనని ఆ తగాదాను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటారు. మాట అనసూయమ్మది, ఏడుపు యాదవ్వ డిపార్ట్‌మెంటు. మామూలప్పుడు తమ్మీ అని పిలిచే కుర్రవాడైనా సరే, తీర్పు అడిగేటప్పుడు మాత్రం అన్నే. ఇన్నేళ్లలో ఎన్ని తీర్పులు వచ్చాయో లెక్కలేదు. పుంజులు అనసూయమ్మకు, పెట్టలు యాదవ్వకు అని తెంపిన ఒక హమాలీ, ఏది పుంజో తేలేదాకా వాయిదా కూడా వేశాడట. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు ఇద్దరి దగ్గరా కాగితం రాయించుకున్నాడు. మహారాష్ట్ర సరిహద్దున జుక్కల్ వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు మరాఠీలో తీర్పు చెప్పాడు. వీళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా దండం పెట్టారు.

ఈ విద్య ఆమెకు ఇంట్లోనే అబ్బింది. భర్త నర్సింహులు మంచివాడే కానీ చెయ్యి ముందు, మాట వెనక. పెళ్లయిన కొత్తలో పొలం గట్టు దగ్గర సొంత తమ్ముడి మీదికి గొడ్డలి ఎత్తాడట. సరిగ్గా అప్పుడే చూపు ఆనని ఒక ముసలాయన, అక్కడ ఏం జరుగుతోందో తెలియక, "నర్సింహులూ, మా కోడండ్ల లొల్లి జర తెంపు బిడ్డా" అంటూ వచ్చాడు. నర్సింహులు గొడ్డలి కింద పెట్టి, గట్టు మీద కూర్చుని, "ఏమైంది బాపు?" అన్నాడు. గంట తర్వాత గొడ్డలి అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాడు. కొత్త పెళ్లికూతురు అది చూసి మనసులో రాసుకుంది.

నన్ను ఒకసారి కామారెడ్డిలో శిక్షణకు పిలిచారు. కోపంతో వచ్చేవాళ్లను ఎలా శాంతపరచాలో ఒకాయన తెర మీద బొమ్మలు వేసి చెప్పాడు. గొంతు తగ్గించాలి, దూరంగా నిలబడాలి, పేరు పెట్టి పిలవాలి. నేను వచ్చి అదంతా అనసూయమ్మకు వినిపించాను. ఓపికగా విన్నది.

"మంచిగనే చెప్పిండు మేడం. గని మనమేం చెయ్యాలెనో చెప్పిండు, కోపమొచ్చినోడు ఏం చెయ్యాలెనో చెప్పలే. వానికి గూడ ఒక పని కావాలె గద" అంది.

ఇక ధర్మ్యా సంగతి.

భీమ్‌సింగ్ తండావాడే, ముప్పై ఐదేళ్లుంటాయి, రెండెకరాల రైతు. మాట్లాడడు. అరిచేవాళ్లంటే నాకు అలవాటైపోయింది గానీ, మాట్లాడనివాళ్లంటే ఇప్పటికీ భయమే. పోయిన యాసంగి పంటకు, మే నెలలో, అతని వడ్లు మొదటిసారి పదహారు చూపించాయి. కాంటాకు సిద్ధం. కానీ ఆ రోజు వచ్చింది ఒక్కటే లారీ, అందులో చోటు అయిపోయింది. ఆ సాయంత్రమే వాన. గాలికి టార్పాలిన్ లేచిపోతే అతనూ భార్య గంగా చెరో కొసా పట్టుకుని కుప్ప మీద పడుకున్నారు. అయినా అడుగు నానింది. మళ్లీ ఎండబోశారు, మళ్లీ జల్లు. అడుగున మొలకలొచ్చాయి. గంగ ఆ మొలకల్ని చేటలో ఏరి పక్కన పోస్తుంటే నేను అటు చూడకుండా నడిచేదాన్ని. పదో రోజు మిట్ట మధ్యాహ్నం అతను మరో గుప్పెడు తెచ్చాడు. పదిహేడు పాయింట్ ఎనిమిది.

"రూల్ అంటే రూలే కదా ధర్మ్యా. ఇంకొక్క రోజు ఎండబెట్టు" అన్నాను. గొంతు తగ్గించి, దూరంగా నిలబడి, పేరు పెట్టి పిలిచే అన్నాను.

అతను తన మోటార్ సైకిల్ దగ్గరికి వెళ్లి కూల్‌డ్రింక్ సీసాతో వచ్చాడు. అందులో పెట్రోలు. కుప్ప అంచు వెంట కొంచెం పోసి, మిగిలిన సీసా పట్టుకుని కుప్ప మీదికెక్కి నిలబడ్డాడు. చొక్కా జేబులో అగ్గిపెట్టె కనబడుతోంది.

"ఎవ్వలు రావద్దు. వస్తే నా మీద గూడ పోసుకుంట" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. గంగ టార్పాలిన్ కొస పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

యాదవ్వ ఏడుపు మొదలైంది. అనసూయమ్మ ఆమెను తోసుకుంటూ వచ్చింది. "ధర్మ్యన్నా, నువ్వే చెప్పు, దీని కోడి వచ్చి మా గడ్డివాముల..."

"అక్కా" అన్నాడు ధర్మ్యా. "గా కోడి పంచాయితీ నేను రెండుసార్లు చెప్పిన. పోయినేడు యాసంగిల ఒకసారి, వానకాలంల ఒకసారి."

చుట్టూ చేరిన వాళ్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఆ నవ్విన వెధవల పళ్లు రాలగొట్టాలనిపించింది నాకు. ధర్మ్యా మొహం ఎర్రబడింది. సీసా ఎడమ చేతికి మార్చి, కుడి చెయ్యి జేబులో పెట్టాడు.

అనసూయమ్మ దగ్గర ఇంకేమీ లేదని నాకు తెలిసిపోయింది. ఆమెకూ తెలిసింది. కళ్లద్దాలు తీసి నడుముకు దోపుకుంది. తన కుర్చీ తనే మోసుకొచ్చి కుప్ప అంచున వేసింది. చెప్పులు విడిచి, పంచాయితీలో తప్పు చేసినవాళ్లు నిలబడే చోట, కుర్చీకి ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇది కోడి ముచ్చట కాదన్నా. ఇది ఎవ్వలకు చెప్పలే. నువ్వే తెంపాలె" అంది. "ఒకామె ఉన్నది. వడ్ల వరుస ఆమె చేతిల ఉన్నది. ఒక దినం ఒక్కటే లారొచ్చింది. ముప్పై ఒకటో నంబరు వంతు. మొగులు ముసురుతున్నది. ఆమె పెనిమిటిది నలభై మూడో నంబరు. పొద్దటికెల్లి ఇంట్ల లొల్లి, మనది ఎప్పుడు ఎప్పుడని. ఆమె బుక్కు మూసి నలభై మూడును కాంటా పెట్టించింది. పొద్దూకంగనే వానగొట్టింది. ముప్పై ఒకటోళ్ల వడ్లు నానినయ్. గామెను ఏం చెయ్యాలె?"

ధర్మ్యా చెయ్యి జేబులోనే ఉండిపోయింది. "ముప్పై ఒకటి నాది" అన్నాడు.

"అవ్."

"నలభై మూడు?"

"మాది."

గుంపులోంచి నర్సింహులు, "ఏయ్, నోర్ముయ్" అన్నాడు.

"నువ్వు ఊకో. నిన్నెవ్వలు అడగలే" అంది అనసూయమ్మ, అటు తిరగకుండానే.

ఆ సీసా ఆమె మీద పడుతుందనుకున్నాను. ఆమె కూడా అదే అనుకున్నట్టుంది, అయినా కదల్లేదు. ధర్మ్యా కిందికి చూసి ఏదో వెతకడం మొదలుపెట్టాడు. సీసా మూత. అది వడ్లలో ఎక్కడో పడిపోయింది. గంగ టార్పాలిన్ వదిలి, వంగి, వడ్లలో చేతులు పెట్టి వెతికి, తీసి ఇచ్చింది. అతను మూత బిగించి, సీసా ఆమెకిచ్చి, దిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చాయ్ అడగలేదు.

"కుప్ప నువ్వే ఎండబెట్టాలె" అన్నాడు చివరికి. "నీ కాళ్లతోని. పదిహేడుకు దిగేదాక. నువ్వు ఎండల ఉంటవ్. కుర్సీల నేనుంట."

"సరే అన్నా" అంది అనసూయమ్మ.

పెట్రోలుతో తడిసిన అంచును ఎత్తి దూరంగా పోశారు. అదే మధ్యాహ్నం అనసూయమ్మ వడ్లలోకి దిగింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, కాళ్లు ఈడుస్తూ, వడ్లలో సాళ్లు తీస్తూ, ఆ కొస నుంచి ఈ కొసకు. యాదవ్వ సాయం రాబోతే ధర్మ్యా ఒప్పుకోలేదు. నర్సింహులు రాబోతే అనసూయమ్మే ఒప్పుకోలేదు.

రెండు రోజులు కేంద్రాన్ని ధర్మ్యా నడిపాడు. నీలం కుర్చీలో కూర్చుని, టోకెన్ల బుక్కు ఒళ్లో పెట్టుకుని, ప్రతి నంబరూ పేరుతో సహా మూడుసార్లు గట్టిగా చదివేవాడు. మాట్లాడని మనిషి అన్నానే, ఆ రెండు రోజుల్లో ఆ బాకీ అంతా తీర్చేశాడు.

"అక్కా, గా మూల తిప్పలే."

"తిప్పిన తమ్మీ."

"నేను చూడలే."

ఆమె మళ్లీ తిప్పేది. రెండో రోజు సంచులు అందలేదని ఒక రైతు బండబూతులు తిడుతూ, రాయి పట్టుకుని వచ్చాడు. నేను స్టూలు మీంచి లేచాను. ధర్మ్యా లేవలేదు. బుక్కు మూసి, "కూసో అన్నా. ముందుగాల గీ యాదవ్వ కోడిపిల్లల ముచ్చట జర తెంపు" అన్నాడు. యాదవ్వకు ఎవరు చెప్పారో ఏమో, మాట పూర్తి కాకుండానే ఏడుపు అందుకుంది. ఎండలో నిలబడ్డ అనసూయమ్మ కొంగు నోట్లో పెట్టుకుని అటు తిరిగింది. భుజాలు ఊగిపోతున్నాయి.

మూడో రోజు పొద్దున పదహారు పాయింట్ నాలుగు. కాంటా అయింది, సంచులు లారీ ఎక్కాయి. ధర్మ్యా లేచి తువ్వాలతో కుర్చీ తుడిచి ఆమెకు అప్పగించాడు. గంగ మొలకల చేట పట్టుకుని వెనకాలే వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం అనసూయమ్మ రేకుల నీడలో కూర్చుని అరికాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటోంది. అరికాళ్లు చూడలేకపోయాను.

"నిజం ఎప్పటికైనా చెప్పాలని ముందే అనుకున్నావా?" అని అడిగాను.

"లేదు మేడం. కోడికే ఆయన ఊకుంటే నేను చెప్పకపోదును." కాసేపు నూనె రాసింది. "ఇన్నేండ్లల్ల గీ కుర్సీల ఎంతమందిని కూసోబెట్టినమో. చాయ్ తాపి, దండం పెట్టి పంపినం. అండ్ల ఎంతమంది కోపం నిజమైందో, ఒక్కల్ని గూడ అడగలే."

ఇలా అని ఏడ్చింది. యాదవ్వ పక్కనే ఉంది, కానీ ఆమె ఏడవలేదు.

నేను ఓదార్చలేదు. ఓదార్చే మొహం నాకు లేదు. ఎందుకంటే ఒక్కటే లారీ వచ్చిన ఆ రోజు కాంటా వివరాలు ట్యాబ్‌లో కొట్టింది నేనే. ముప్పై ఒకటి ఉండాల్సిన చోట నలభై మూడు కనబడింది. చూశాను. అడిగితే గొడవ, గొడవైతే ఐదు గంటల బస్సు పోతుంది. ఊళ్లో వాళ్ల సర్దుబాట్లు వాళ్లవి అనుకుని ఓకే నొక్కేశాను. పది రోజుల తర్వాత అదే చేత్తో మిషన్ పట్టుకుని ఆ మనిషికి రూల్ చెప్పాను. అనసూయమ్మ ఎండలో తిరుగుతున్న రెండు రోజులూ నేను నీడలోనే ఉన్నాను.

ఆదివారం సెలవు. బస్సెక్కి, ఆటో మారి, తండాకు వెళ్లాను. ధర్మ్యా ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. గంగ మంచినీళ్లిచ్చింది. నిలబడే చెప్పాను మొత్తం.

"ఎరికే మేడం" అన్నాడు. "ట్యాబుల నంబర్లు కొట్టేది మీరే గద."

"మరి పంచాయితీ రోజు నన్నెందుకు అడగలేదు?"

"మీరు ఎప్పుడు చెప్తరో అని చూసిన."

నేనేం చెయ్యాలో చెప్పమన్నాను. ధర్మ్యా తువ్వాల సర్దుకున్నాడు.

"భీమ్‌సింగ్ వడ్లు నిన్ననే పోసిండు. ఇరవై ఉన్నయని మీరే చెప్పిండ్రట. రేపటికెల్లి మీరు తిప్పుండ్రి."

సరే అన్నాను. వెంటనే సందేహం వచ్చింది. నేను వడ్లలో ఉంటే తేమ ఎవరు చూస్తారు, అంకె ఎవరు చదువుతారు అని అడిగాను. ఆఫీసర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని గంగ నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది.

"నేను చదువుత" అంది. "నాకు అంకెలు వస్తయ్."